రేవు కబుర్లు: ప్రతివాది ఒక ఓడ



పోయిన నెల సమావేశంలో భోజనాలయ్యాక, అమెరికాలో చదువుకుంటూ సెలవులకు వచ్చిన మన కుర్రవాడొకడు మమ్మల్ని పట్టుకుని ఒక ప్రశ్న వేశాడు. వాళ్ళ కాలేజీలో ఎవరో అమెరికా ప్రభుత్వం ఒక ఓడ మీద వేసిన దావా సంగతి ఎత్తారట. "ఆ ఓడను చివరికి కట్టేసింది మీ పోర్ట్ క్లాంగ్‌లోనే గదా, ఓడ మీద కేసేమిటి, ఓడ వచ్చి బోనులో నిలబడుతుందా?" అని స్నేహితులు నవ్వితే వీడి దగ్గర జవాబు లేకపోయింది. మా దగ్గరా ఆ పూట సరైన జవాబు లేదు. రేవును నమ్ముకుని బతికేవాళ్ళం, రోజూ ఓడలను చూసేవాళ్ళం, పెరుగన్నం తింటూ తలా ఒక మాట అన్నాం గానీ అందులో సగం తప్పులేనని తర్వాత తెలిసింది. ఆ తప్పులు దిద్దుకోవడానికే ఈ నెల కబుర్లు.

ఆ ఓడ పేరు ఈక్వానిమిటీ. 2018 ఆగస్టు 7న అది పులావ్ ఇండాలోని బౌస్టెడ్ క్రూజ్ సెంటర్‌కు వచ్చి ఆగిన రోజు మనలో చాలామందికి గుర్తే. మన రేవుకు వచ్చే కంటెయినర్ ఓడల పక్కన పెడితే అది చిన్నదే, పొడవు 90 మీటర్ల పైచిలుకు. కానీ అది సరుకులు మోసే ఓడ కాదు, విలాసానికి కట్టించుకున్న ఓడ. నెదర్లాండ్స్‌లో ఓషన్‌కో కంపెనీ 2014లో కట్టి ఇచ్చింది. దాని ఖరీదు 25 కోట్ల డాలర్లని అమెరికా ప్రభుత్వం తన దావాలో రాసింది. హెలికాప్టర్ దిగడానికి పైన చోటు కూడా ఉంది. నాలుగు రోజులకు ప్రధానమంత్రి మహతీర్ స్వయంగా వచ్చి చూసి వెళ్ళారు. మాలో కొందరు పిల్లలను తీసుకుని వెళ్ళి దూరం నుంచే చూసి, దారిలో కొబ్బరి నీళ్ళు తాగి వచ్చారు.

1ఎండీబీ అనే మలేషియా ప్రభుత్వ నిధి సంస్థ నుంచి దారి మళ్ళించిన డబ్బుతో ఈ ఓడను కొన్నారన్నది ఆరోపణ. కొన్నది పెనాంగ్‌కు చెందిన వ్యాపారి లో టేక్ జో, అందరూ జో లో అనే ఆయన. తాను ఏ తప్పూ చేయలేదనే ఆయన మొదటి నుంచీ చెబుతూ వచ్చాడు. మలేషియా డబ్బు, కేమన్ దీవుల్లో రిజిస్టరైన ఓడ, మధ్యలో అమెరికాకు పనేమిటంటే, ఆ డాలర్లు అమెరికా బ్యాంకుల గుండా నడిచాయి, అమెరికాలో ఇళ్ళు, హోటలు, సినిమా హక్కులు అయ్యాయి. అందుకని 2016 జులైలో అమెరికా న్యాయశాఖ లాస్ ఏంజెలెస్‌లోని ఫెడరల్ కోర్టులో కొన్ని దావాలు వేసింది. 2017 జూన్‌లో మరికొన్ని వేసింది. ఓడ మీది దావా ఈ రెండో విడతలోది.

ఆ దావా శీర్షికలోనే ఒక పక్క అమెరికా సంయుక్త రాష్ట్రాలు, రెండో పక్క మోటార్ యాట్ ఈక్వానిమిటీ. వాది ఒక దేశం, ప్రతివాది ఒక ఓడ. జో లో అందులో ప్రతివాది కాదు. మేము సమావేశంలో చేసిన మొదటి తప్పు ఇదే, మనిషి మీద కేసు అనుకున్నాం. ఇదే వ్యవహారంలో ఒక విమానం మీద, 'ద వుల్ఫ్ ఆఫ్ వాల్ స్ట్రీట్' అనే సినిమా మీద కూడా ఇలాగే దావాలు పడ్డాయి. సినిమా ప్రతివాది అంటే నవ్వు వస్తుంది గానీ కోర్టు రికార్డులో అలాగే ఉంది.

ఇది వింతగా కనిపించినా, పల్లెల్లో పెరిగిన మనకు పాత సంగతే. బందెలదొడ్డి గుర్తుందా? ఎవరిదో గేదె పరాయి చేలో పడి మేస్తే, చేను గలవాడు గేదె ఎవరిదని ఊరంతా తిరగడు. తోలుకెళ్ళి బందెలదొడ్డిలో పెడతాడు. ఇక యజమానే వెతుక్కుంటూ రావాలి, నాదేనని చెప్పుకోవాలి, రుసుం కట్టి విడిపించుకోవాలి. గడువులోగా ఎవరూ రాకపోతే టముకు వేసి వేలం. గేదె నేరం చేసిందని ఎవరూ అనరు, కానీ గేదెను పట్టుకుంటేనే మనిషి బయటికొస్తాడు. ఓడల విషయంలో పాతకాలం నుంచీ ఇదే పద్ధతి. యజమాని ఏ దేశంలో ఉన్నాడో, కాగితాల మీద ఏ కంపెనీ వెనక ఏ కంపెనీ ఉందో ఎవరికి తెలుసు? రేవులో ఉన్న ఓడ మాత్రం కంటికి కనిపిస్తుంది, పారిపోకుండా కట్టేయవచ్చు. అమెరికా వాళ్ళు ఈ ఓడల పద్ధతినే ఇళ్ళకు, కార్లకు, బ్యాంకు ఖాతాలకు కూడా వర్తింపజేసుకున్నారు.

అక్కడి నడక ఇలా ఉంటుంది. ప్రభుత్వం దావా వేసి, ఆ ఆస్తితో సంబంధం ఉందని తెలిసిన వాళ్ళకు నోటీసు పంపాలి. నోటీసు పంపిన రోజు నుంచి కనీసం 35 రోజుల గడువు ఇవ్వాలి. తెలియని వాళ్ళ కోసం బహిరంగంగా ప్రకటించాలి. ప్రభుత్వ వెబ్‌సైటులో ప్రకటిస్తే మొదటి రోజు నుంచి 60 రోజుల్లోగా హక్కుదారు ముందుకు రావాలి. వచ్చేవాడు ప్రమాణం మీద సంతకం పెట్టి, ఈ ఆస్తిలో నాకు ఫలానా హక్కు ఉందని రాసి ఇవ్వాలి. ఆ తర్వాత 21 రోజుల్లో దావాకు జవాబు దాఖలు చేయాలి. అప్పటికి గాని ఆటలో ఇద్దరు ఉన్నట్లు కాదు. అప్పుడు ప్రభుత్వం తన మాట రుజువు చేసుకోవాలి. 2000 సంవత్సరం దాకా ఆస్తి శుభ్రమైనదని నిరూపించుకునే బరువు చాలా మటుకు యజమాని నెత్తినే ఉండేది. ఆ ఏడాది చట్టం మార్చి ఆ బరువును ప్రభుత్వం మీద పెట్టారు. అయినా క్రిమినల్ కేసులో లాగా అనుమానానికి తావు లేకుండా రుజువు చేయనక్కరలేదు, త్రాసు కాస్త ఇటు మొగ్గితే చాలు. ఇంకో నిబంధన కూడా ఉంది. క్రిమినల్ కేసులో కోర్టుకు దొరక్కుండా తప్పించుకు తిరిగే మనిషి, ఈ పక్క వకీలును పెట్టి నా ఆస్తి నాకివ్వమంటే, ముందు నువ్వు రా, ఆ తర్వాత నీ ఆస్తి సంగతి చూద్దామనే అధికారం జడ్జికి ఉంది. మా మట్టుకు ఇది సబబుగానే తోచింది.

ఈ దావాలన్నీ చూసిన జడ్జి డేల్ ఫిషర్ అనే ఆవిడ. ఆమెను ఎవరు ఎంపిక చేశారు, అమెరికా ప్రభుత్వం తనకు కావలసిన జడ్జిని పెట్టుకుందా అని మా సమావేశంలో ఒక పెద్దాయన గట్టిగానే వాదించారు. అలా కుదరదు. ఫెడరల్ జిల్లా కోర్టుల్లో కొత్త కేసు ఏ జడ్జి దగ్గరికి పోవాలో మామూలుగా చీటీ తీసినట్లే తేలుతుంది. సంబంధం ఉన్న కేసులను మాత్రం ఒక జడ్జి కిందికే చేరుస్తారు. దేశమంతటా ఇలాంటి జిల్లాలు 94. పైన అప్పీలు కోర్టులు 13, ఆ పైన తొమ్మిది మంది జడ్జీలున్న సుప్రీం కోర్టు. ఈ ఫెడరల్ జడ్జీలను ప్రెసిడెంటు ప్రతిపాదిస్తాడు, సెనేటు ఒప్పుకోవాలి. ఒకసారి కూర్చున్నాక పదవీ విరమణ వయసంటూ లేదు, జీతం తగ్గించడానికి వీల్లేదు. తీసేయాలంటే పార్లమెంటులో అభిశంసన ఒక్కటే దారి. అమెరికా చరిత్ర మొత్తం మీద అలా పదవి పోయిన ఫెడరల్ జడ్జీలు ఎనిమిది మందే.

దీనికి పక్కనే పూర్తిగా వేరే లోకం ఒకటుంది, రాష్ట్రాల కోర్టులు. ఇంటి తగాదాలు, విడాకులు, కారు ప్రమాదాలు, మామూలు నేరాలు, మన వాళ్ళకు అక్కడ ఎదురయ్యే వ్యవహారాలు చాలా మటుకు వీటిలోనే. చాలా రాష్ట్రాల్లో జడ్జీలు ఎన్నికల్లో నిలబడి ఓట్లడుగుతారు, చందాలు పోగుచేస్తారు, వీధుల్లో బోర్డులు పెడతారు. మా అమ్మాయి టెక్సాస్ నుంచి ఫోటో తీసి పంపితే సర్పంచ్ ఎన్నికేమో అనుకున్నాం. రేపు నా దావా వినబోయే మనిషి నిన్న అవతలి వకీలు దగ్గర చందా పుచ్చుకున్నాడంటే మనకు నిద్ర పడుతుందా? అక్కడ పుట్టి పెరిగిన వాళ్ళకు ఇది సహజంగానే ఉంటుంది కాబోలు, మాకు మాత్రం మింగుడు పడలేదు.

అలాగని ఇక్కడి పద్ధతి మచ్చ లేనిదని మేము అనబోము. మలేషియాలో పై కోర్టుల జడ్జీలను ప్రధానమంత్రి సలహా మీద, రాజుల సభను సంప్రదించాక, అగోంగ్ నియమిస్తారు. 2009లో వచ్చిన చట్టం కింద పేర్లు వడకట్టడానికి ఒక కమిషన్ ఉంది. జడ్జీలు 66 ఏళ్ళకు దిగిపోతారు. 1988లో దేశంలోకెల్లా పెద్ద జడ్జి, లార్డ్ ప్రెసిడెంట్ సల్లే అబాస్‌ను విచారణ సంఘం వేసి తీసేశారు. ఆయనతో పాటు సుప్రీం కోర్టు జడ్జీలు మరో ఇద్దరి ఉద్యోగాలు పోయాయి. అప్పుడు ఇక్కడున్న పెద్దలు ఆ రోజుల సంగతి ఇప్పటికీ గొంతు తగ్గించే చెబుతారు. ఇరవై ఏళ్ళకు, 2008లో, ప్రభుత్వం వాళ్ళకు సద్భావన కింద డబ్బు చెల్లించింది. ఎందుకు చెల్లించిందో చదివేవారే అర్థం చేసుకోవాలి. జడ్జి కుర్చీ ఎంత గట్టిగా బిగించారన్నది జడ్జి సొంత సుఖం కోసం కాదు, ఆ కుర్చీ ముందు నిలబడేవాడి కోసం.

ఇక జ్యూరీ. మన కుర్రవాడి రెండో ప్రశ్న ఇదే. ఈ వ్యవహారంలోనే రోజర్ ఎంగ్ అనే మలేషియా బ్యాంకరు ఉన్నాడు, గోల్డ్‌మన్ శాక్స్‌లో పనిచేసినవాడు. ఆయన మీద న్యూయార్క్ బ్రూక్లిన్‌లో క్రిమినల్ కేసు నడిచింది. ఆయన తప్పు చేశాడా లేదా అని తేల్చింది జడ్జి కాదు, ఊళ్ళోంచి పిలిపించిన పన్నెండుగురు మామూలు మనుషులు. బాండ్లంటే ఏమిటో, షెల్ కంపెనీలంటే ఏమిటో రోజుల తరబడి విని, గదిలోకి వెళ్ళి తలుపేసుకుని, పన్నెండుగురూ ఒక్క మాట మీదికి వచ్చి 2022 ఏప్రిల్‌లో దోషి అన్నారు. జడ్జి మార్గో బ్రోడీ పని, ఏ సాక్ష్యం వినవచ్చో ఏది వినకూడదో చెప్పడం, చట్టం ఏమిటో జ్యూరీకి విడమరచడం, చివర శిక్ష వేయడం. 2023 మార్చిలో ఆమె పదేళ్ళు వేశారు. ఈ బ్రోడీ గారు ఆంటిగ్వా అనే చిన్న ద్వీపంలో పుట్టి చదువు కోసం అమెరికా చేరిన మనిషి. పరాయి దేశంలో పిల్లలను చదివించుకుంటున్న మన ఇళ్ళల్లో ఆ సంగతి చెప్పుకోదగ్గదే.

అదే గొడవలో రోజర్ ఎంగ్ పై అధికారి టిమ్ లైస్నర్ జ్యూరీ దాకా పోలేదు. 2018లోనే నేరం ఒప్పుకున్నాడు, ఎంగ్ మీద సాక్ష్యం చెప్పాడు. ఆయనకు 2025లో పడింది రెండేళ్ళు. అంటే కథలో పెద్ద పాత్రధారికి రెండు, చిన్న పాత్రధారికి పది. సినిమాల్లో అమెరికా కోర్టంటే వకీళ్ళ వాదనలు, జ్యూరీ ముఖాలు చూపిస్తారు గానీ, అక్కడ ఫెడరల్ కోర్టుల్లో శిక్ష పడిన వాళ్ళలో నూటికి తొంభై మందికి పైగా విచారణ లేకుండానే నేరం ఒప్పుకున్నవాళ్ళు. బేరం ముందే అయిపోతుంది. ఎదురు నిలిచి ఓడితే పడే శిక్ష ఆ భయాన్ని పెంచుతుంది. ఇది న్యాయమా అని మాలో మేము చాలాసేపు తర్కించుకున్నాం, తేలలేదు.

మలేషియాలో జ్యూరీ పద్ధతి 1995లో పోయింది. బొమో మోనా ఫాండే హత్య కేసు చాలామందికి గుర్తుండే ఉంటుంది. తెమెర్లోలో ఏడుగురు జ్యూరీ సభ్యుల ముందు జరిగిన ఆ విచారణ చిట్టచివరి వాటిలో ఒకటి. మన దేశంలో నానావతి కేసు 1959లో జ్యూరీ ముందుకు వచ్చింది, జ్యూరీ నిర్దోషి అంటే జడ్జి ఒప్పుకోక హైకోర్టుకు పంపాడు. ఇక్కడ ఇప్పుడు ఒక్క జడ్జే సాక్ష్యం వింటాడు, నేరం తేలుస్తాడు, కారణాలు రాస్తాడు. మాజీ ప్రధాని నజీబ్ కేసులో 2020 జులైలో అలా తీర్పు చెప్పింది జస్టిస్ నజ్లాన్ ఒక్కరే. ఆయన రాసిన కారణాలను పై రెండు కోర్టులూ చదివి ఖాయం చేశాయి, చివరిది 2022 ఆగస్టులో. జ్యూరీ కారణాలు చెప్పనక్కరలేదు, ఇక్కడి జడ్జి చెప్పి తీరాలి. 2024లో క్షమాభిక్ష బోర్డు ఆ శిక్షను సగం చేయడం వేరే సంగతి, అది కోర్టు పని కాదు.

ఓడ దగ్గరికి తిరిగి వద్దాం. లాస్ ఏంజెలెస్‌లో దావా పడినంత మాత్రాన అక్కడి జడ్జి కాగితం సముద్రాలు దాటి చెల్లదు. ఓడ 2018 ఫిబ్రవరిలో బాలి దగ్గర ఉంది. అమెరికా అడిగితే ఇండోనేషియా పోలీసులు పట్టుకున్నారు. యజమాని తరఫు వాళ్ళు జకార్తాలో కోర్టుకు వెళ్ళారు. ఏప్రిల్‌లో అక్కడి జడ్జి పట్టుకున్న పద్ధతి చట్టప్రకారం లేదని కొట్టేశాడు. అమెరికా మళ్ళీ సరైన దారిన కోరితే మళ్ళీ పట్టుకున్నారు. ఆగస్టులో బటామ్ దగ్గర మలేషియాకు అప్పగించారు. అక్కడి నుంచే మన రేవుకు వచ్చింది.

వచ్చాక అసలు తతంగం మొదలైంది. కౌలాలంపూర్‌లో 2010 నుంచి ఓడల వ్యవహారాలకే ప్రత్యేకంగా ఒక కోర్టు ఉంది. రేవు పనిలో ఉన్నవాళ్ళకు తెలుసు, ఓడను అరెస్టు చేయడమంటే కోర్టు షరీఫ్ మనిషి ఓడ మీదికి ఎక్కి వారెంటును అందరికీ కనబడేలా అంటిస్తాడు. ఆ కాగితం అంటుకున్నాక షరీఫ్ అనుమతి లేకుండా ఓడ కదలకూడదు. ఆ ఆగస్టులోనే మలేషియా ప్రభుత్వం, 1ఎండీబీ కలిసి దావా వేశాయి. ప్రతివాదిగా మళ్ళీ ఓడే. ప్రభుత్వం తరఫున వాదించిన ముఖ్యమైన వకీలు సీత్పా సెల్వరత్నం.

కట్టేసిన గేదెకు మేత వేయాలి గదా. ఓడకు సిబ్బంది జీతాలు, ఇంధనం, బీమా, రంగు, నెలకు లక్షల రింగిట్లు. దావా తేలేదాకా ఆగితే ఓడ విలువంతా ఓడే తినేస్తుంది. అందుకని జస్టిస్ ఖదీజా ఇద్రీస్, దావా నడుస్తుండగానే ఓడను అమ్మి ఆ డబ్బు పక్కన పెట్టడానికి 2018 అక్టోబరులో అనుమతించారు. అందులో అన్యాయమేమీ లేదు, హక్కుదారు రేపు వచ్చి గెలిస్తే ఓడకు బదులు డబ్బు దక్కుతుంది. కానీ ఎవరూ రాలేదు. జో లో తరఫున విదేశాల నుంచి పత్రికలకు ప్రకటనలు వచ్చాయి, ఈ అమ్మకం అక్రమమన్నారు. కౌలాలంపూర్ కోర్టులో మాత్రం ఈ ఓడ నాదని చెప్పుకోవడానికి ఒక్క మనిషి, ఒక్క కంపెనీ ముందుకు రాలేదు. 2019 ఏప్రిల్‌లో గెంటింగ్ మలేషియా కంపెనీ 12 కోట్ల 60 లక్షల డాలర్లకు కొనుక్కుంది, అంటే కొన్న ధరలో సుమారు సగం. కొత్త పేరు ట్రాంక్విలిటీ. అమెరికాలో ఉన్న మిగతా ఆస్తుల విషయంలో ఆయన కుటుంబ ట్రస్టుల వకీళ్ళు కోర్టుకు వచ్చారు, 2019 అక్టోబరు ఆఖరుకు 70 కోట్ల డాలర్ల పైబడిన ఆస్తులు వదులుకుంటూ రాజీ పడ్డారు. ఆ రాజీలో నేరం ఒప్పుకున్నట్లు మాత్రం లేదు.

పత్రికల్లో ఎంత గొప్పగా వాదించినా జడ్జి వినడు. జడ్జి చెవికి వినిపించేది తన ముందు దాఖలైన కాగితం ఒక్కటే. ఇది అమెరికాలోనూ ఇంతే, క్లాంగ్‌లోనూ ఇంతే. ఓడ కథ విన్నాక మాలో ఒకాయన ఇంటికి వెళ్ళేటప్పుడు కారు దగ్గర ఆగి, నా కథ కూడా రాయండి, పేరు మాత్రం వద్దు అన్నారు. అందుకే ఇంత దూరం తీసుకొచ్చాం.

ఆయన ఇంజనీరు. 2017కు ముందు సంగతి ఇది. ఆఫీసులో తోటివాడు కారు కొనుక్కుంటుంటే జామీను సంతకం పెట్టారు. తోటివాడు వాయిదాలు ఎగ్గొట్టి, ఉద్యోగం మారి, ఊరు వదిలేశాడు. కొన్నాళ్ళకు మన వారి ఇంటికి రిజిస్టరు పోస్టులో ఒక కవరు వచ్చింది. లోపల అంతా మలాయిలో ఉంది. ఆయన మలాయి చేపల బజారు వరకే. కారు మాటేదో కనిపించింది, అది కొన్నవాడిదే గదా, వాడే చూసుకుంటాడని నీళ్ళ బిల్లులు పెట్టే సొరుగులో పడేశారు. మరో కవరు వచ్చింది, అదీ సొరుగులోకే. ఇంట్లో ఆవిడ అడిగితే, కోర్టు గొడవలు మనకెందుకు, మనం ఎవరికీ బాకీ లేము అన్నారట. కోర్టు మెట్లెక్కనివాడే మంచివాడని మనల్ని పెంచారు గదా. ఓడినవాడు కోర్టులో ఏడిస్తే గెలిచినవాడు ఇంటికి వెళ్ళి ఏడ్చాడని సామెత కూడా ఉంది. కోర్టుకే వెళ్ళనివాడు ఎక్కడ ఏడుస్తాడో ఆ సామెత చెప్పలేదు.

ఆయన ఏడ్చింది విమానాశ్రయంలో. మేనకోడలి పెళ్ళికి విశాఖ బయల్దేరారు, భార్యాపిల్లలతో, మేనమామ పెట్టే మధుపర్కాలతో సహా. ఇమ్మిగ్రేషన్ కౌంటరు దగ్గర ఆపేశారు. ఆయన దివాలాదారు, అనుమతి లేకుండా దేశం దాటకూడదు. ఆయనకు ఆ మాట తెలియడం అదే మొదటిసారి. సమన్లకు జవాబు లేకపోతే వాది అడిగిన మేరకు ఎక్స్‌పార్టీగా తీర్పు వచ్చింది, ఆ తీర్పు మీద దివాలా దరఖాస్తు పడింది, దానికీ ఎవరూ వెళ్ళలేదు. ఎవరూ మోసం చేయలేదు. అన్ని కాగితాలూ ఇంటికే వచ్చాయి, సొరుగులో వరసగానే ఉన్నాయి. భార్యాపిల్లలు పెళ్ళికి వెళ్ళారు, మధుపర్కాలు బావమరిది చేతికి చేరాయి. ఈయన టాక్సీలో ఇంటికొచ్చి ఆ సొరుగు మంచం మీద బోర్లించి, పక్కింటి మలాయి టీచరును పిలిచి ఒక్కొక్కటే చదివించుకున్నారు. నిజానికి ఆయనకు చెప్పుకోవడానికి మాట ఉంది. కారు వెనక్కి తీసుకుని అమ్మినప్పుడు లెక్క సరిగా కట్టలేదని తర్వాత చూసిన వకీలు అన్నారు. ఆ మాట వినడానికి ఒక జడ్జి ఒకానొక ఉదయం క్లాంగ్‌లో కూర్చునే ఉన్నాడు. పేరు పిలిచారు, ఎవరూ పలకలేదు. బయటపడడానికి ఆయనకు మూడేళ్ళు పట్టింది.

ఆ తర్వాత చట్టం కొంత మెత్తబడింది. 2017 అక్టోబరు నుంచి లాభాపేక్ష లేకుండా జామీను ఉన్నవాళ్ళను, చదువు అప్పుకో, సొంత కారుకో, సొంత ఇంటికో అలా సంతకం పెట్టినవాళ్ళను, దివాలా తీయించకూడదు. దివాలాకు కనీస బాకీని ఇప్పుడు లక్ష రింగిట్లు చేశారు. కానీ బాకీ తీర్పు బాకీ తీర్పే, జీతం మీదికి, బ్యాంకు ఖాతా మీదికి రావచ్చు.

కాబట్టి సభ్యులకు తెలియవలసినవి కొన్ని. లక్ష రింగిట్ల వరకు దావాలు మేజిస్ట్రేటు కోర్టులో, పది లక్షల వరకు సెషన్స్ కోర్టులో, ఆ పైన హైకోర్టులో. మన క్లాంగ్‌లో మొదటి రెండూ ఉన్నాయి. రిట్ అనే కాగితం చేతికి అందితే, లేదా చివరి చిరునామాకు రిజిస్టరు పోస్టులో చేరితే, 14 రోజుల్లో హాజరు పత్రం దాఖలు చేయాలి. అది ఒక పేజీ కాగితం, అందులో మీ వాదన ఏమీ రాయనక్కరలేదు, నేనున్నాను అని చెప్పడమే. తీర్పు వచ్చేసిన తర్వాత తెలిస్తే, తీర్పు అందిన 30 రోజుల్లో కొట్టేయమని దరఖాస్తు పెట్టాలి, చెప్పుకోదగ్గ వాదన ఉందని చూపాలి. అమెరికాలో ఫెడరల్ కోర్టు సమన్లకు గడువు 21 రోజులు. రాష్ట్రాల్లో రకరకాలు, కాగితం మీదే రాసి ఉంటుంది. ఇల్లు మారితే బ్యాంకులకు చిరునామా మార్చి చెప్పడం మరవకండి. మలాయి చదవడం రాని వాళ్ళు మన పిల్లలతో చదివించుకోవచ్చు, ఇక్కడి బళ్ళలో చదివిన వాళ్ళకు అది వచ్చు. కోర్టులో తెలుగు దుబాసీ దొరకడం అరుదు, తమిళంలో చెప్పుకోగలిగితే మేలు.

కుర్రవాడికి ఈ కబుర్ల ప్రతి ఒకటి పోస్టు చేశాం. బందెలదొడ్డి మాట వాళ్ళ స్నేహితులకు ఎలా చెబుతాడో చూడాలి. మన ఇంజనీరు గారు ఇప్పుడు కవరు వస్తే చెప్పులు విప్పకుండానే గుమ్మంలో నిలబడి చింపుతారు, పెళ్ళి శుభలేఖ అయినా సరే. వచ్చే నెల వీలునామా రాయకుండా పోతే ఇక్కడి ఆస్తి, ఊళ్ళోని ఆస్తి ఎవరికి ఎలా పంచుతారన్నది రాస్తాం. ప్రశ్నలున్నవాళ్ళు సమావేశంలో మాకు ఇవ్వండి, కాగితం మీద రాసి ఇస్తే మరీ మంచిది.